మొక్కా, మాత్రా కలిస్తే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్నంతా జ్ఞాపకాలతో గడిచిపోయింది. ఈ రోజు ఎవరి వృత్తికి సంబంధించిన సంగతి వాళ్ళు అరగంట చెప్పాలన్నారు కార్యదర్శిగారు. "అందరికీ పనికొచ్చేది చూడమ్మా" అని షరతు కూడా పెట్టారు. నేను 30 ఏళ్ళకు పైగా మెడికల్ కాలేజీల్లో మైక్రోబయాలజీ చెప్పాను. నా పని ఎక్కువగా ఫంగస్ మీద. అంటే తామర, పుచ్చిపోయిన గోళ్ళు, నోట్లో తెల్లపూత, ఇంకా వీటికంటే చాలా పెద్ద జబ్బులు. పొద్దున్నే టిఫిన్ చేసి కూర్చున్న సభలో తామర గోలేమిటని కొందరు ముఖం చిట్లించడం కనిపిస్తూనే ఉంది. కానీ నిన్న రాత్రి భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, గజ్జల్లో దురద గురించి అడిగినవాళ్ళు నలుగురు. పేర్లు చెప్పనులెండి.

ఆ నలుగురిలో ముగ్గురు అడిగింది ఒకటే: "ఈ మాత్రలన్నీ మానేసి పసుపో, వేపాకో రాసుకుంటే పోదా?" నాలుగో ఆయన ప్రశ్న వేరు: "రెండూ కలిపి వాడితే ఇంకా బాగా పనిచేస్తుందా?" ఈ రెండో ప్రశ్న మీద ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. మన దేశంలోనూ మంచి పని జరిగింది. ఈ అరగంటా ఆ ప్రశ్నకే కేటాయిస్తాను.

ముందు ఫంగస్‌ను చంపడం ఎందుకంత కష్టమో చూద్దాం. మన చిన్నప్పుడు శిలీంధ్రాలను మొక్కల పాఠంలోనే చెప్పేవారు. పుట్టగొడుగు నేలలోంచి మొలుస్తుంది కాబట్టి మొక్కే అనుకునేవాళ్ళం. నిజానికి వంశవృక్షం గీస్తే అవి మొక్కలకంటే మనకే దగ్గర చుట్టాలు. బ్యాక్టీరియా కణం మన కణానికి ఏ పోలికా లేనంత దూరం, అందుకే దానికి తగిలి మనకు తగలని మందులు బోలెడు దొరికాయి. ఫంగస్ కణం అలా కాదు. లోపల న్యూక్లియస్ ఉంటుంది, మన కణాల్లో జరిగే పనులు చాలావరకు అందులోనూ జరుగుతాయి. దాన్ని కొట్టబోతే మనకూ తగులుతుంది. దొరికిన తేడాలు కొన్నే. వాటిలో ముఖ్యమైనది పైపొరలో ఉండే కొవ్వు: మన కణాల్లో కొలెస్టరాల్ ఉంటే, ఫంగస్‌లో దాని బదులు ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఇవాళ మందుల షాపులో దొరికే ఫంగస్ మందుల్లో ఎక్కువభాగం ఈ ఒక్క తేడాను పట్టుకుని వేలాడుతున్నవే. ఫ్లుకొనజోల్, ఇట్రాకొనజోల్ ఎర్గోస్టెరాల్ తయారీని ఒక మెట్టు దగ్గర ఆపుతాయి. టెర్బినఫిన్ అంతకు ముందు మెట్టు దగ్గర ఆపుతుంది. నిస్టాటిన్, యాంఫోటెరిసిన్ బి తయారైపోయిన ఎర్గోస్టెరాల్‌నే పట్టుకుని కణానికి చిల్లులు పెడతాయి.

నిస్టాటిన్ కథ మన మాస్టార్లకు నచ్చుతుంది. 1950లో దాన్ని బయటపెట్టింది ఇద్దరు ఆడవాళ్ళు, ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్. ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రయోగశాలల్లో పనిచేసేవారు, కానీ ఒకరు న్యూయార్క్ నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో. మట్టిలోంచి పెంచిన సూక్ష్మజీవుల నమూనాలను సీసాల్లో పెట్టి పోస్టులో ఒకరికొకరు పంపుకునేవారు. మందుకు తమ పేర్లు పెట్టుకోకుండా న్యూయార్క్ స్టేట్ పేరు కలిసొచ్చేలా నిస్టాటిన్ అన్నారు. యాంఫోటెరిసిన్ కూడా మట్టిలోంచి వచ్చిందే, వెనిజులాలోని ఒరినోకో నది ప్రాంతపు మట్టి. 2021లో రెండో వేవ్ కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు, హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి పేరు రోజూ పేపర్లలో వచ్చినప్పుడు, మనవాళ్ళు ఊరూరా తిరిగి వెతికింది ఈ మందు వయల్స్ కోసమే. అంతటి జబ్బుకు 1950ల నాటి మందు మీదే ప్రధానంగా ఆధారపడ్డాం, అదీ మూత్రపిండాల మీద దెబ్బకొట్టే మందు. కొత్తవి అంత అరుదుగా వస్తున్నాయి.

ఇక్కడొక చిన్న పక్కదారి. భీమవరంలో 1895లో పుట్టి, మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కని యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు పెద్దగా ఉన్నారని మనందరికీ తెలుసు. ఆరియోమైసిన్ ఆయన హయాంలో వచ్చింది. ఆయన పోయాక ఒక ఫంగస్ జాతికి ఆయన పేరు పెట్టారు, సుబ్బారోమైసెస్ అని. విగ్రహాల సంగతి ఎలా ఉన్నా, మా వృత్తిలో ఇంతకు మించిన గౌరవం లేదు. పదో తరగతి తప్పిన పిల్లల తల్లిదండ్రులకు మాస్టార్లు ఈ కథ చెప్పవచ్చు, రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

సరే, తామర దగ్గరికొద్దాం. నేను కాలేజీలో చేరిన కొత్తల్లో తామర అంటే పెద్ద లెక్కలోనిది కాదు. ఒక ట్యూబు, మరీ అయితే రెండు వారాల మాత్రలు. గత పది పన్నెండేళ్ళలో పరిస్థితి తలకిందులైంది. ఒళ్ళంతా పాకుతోంది, ఇంట్లో అందరికీ వస్తోంది, తగ్గినట్టే తగ్గి నెల తిరక్కుండా మళ్ళీ వస్తోంది. దీనికి కారణమైన ఫంగస్‌లో కొత్త రకాన్ని 2020లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరుపెట్టారు. ఆ పేరులో 'ఇండో' మన దేశమే. గర్వపడే సంగతి కాదు. ఇందులో చాలా నమూనాలకు టెర్బినఫిన్ పనిచేయదు, ఆ మందు పట్టుకోవలసిన ఎంజైమ్ కొద్దిగా ఆకారం మార్చుకుంది. 2023లో అమెరికాలో, న్యూయార్క్ నగరంలో కూడా ఇది కనిపించింది.

ఎందుకిలా అయిందంటే ఒకే కారణం చెప్పలేం గాని, షాపులో అడిగి కొనుక్కునే క్రీముల పాత్ర మాత్రం పెద్దది. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, వాటితోపాటు గట్టి స్టెరాయిడ్, అన్నీ ఒకే ట్యూబులో. స్టెరాయిడ్ వల్ల దురద రెండు రోజుల్లో ఆగుతుంది, ఎరుపు పోతుంది. రోగి సంతోషిస్తాడు. కింద ఫంగస్ ఇంకా సంతోషిస్తుంది, ఎందుకంటే దాన్ని ఎదిరించవలసిన చర్మాన్ని స్టెరాయిడ్ నిద్రపుచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అది ఎంతవరకు అమలవుతోందో మీ వీధి చివర మందుల షాపులో మీకే తెలుస్తుంది. మందులు కలపడం గురించి మాట్లాడబోతున్నాను కాబట్టి ముందే చెబుతున్నాను: కలపడమన్నంత మాత్రాన మంచి కాదు. మన దేశంలో చర్మానికి జరిగిన అతిపెద్ద హాని ఇలాంటి కలయికతోనే జరిగింది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. రొయ్యల ప్లాంటులో పని. రోజంతా చేతికి తొడుగులు, కాళ్ళకు బూట్లు, నడుము దాకా తడి. 23 ఏళ్ళు. నడుం చుట్టూ, తొడల మీద, మెడ మీద తామర. 14 నెలలుగా ఉంది. పెళ్ళిచూపులకు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని కూర్చుందట. రెండు సంబంధాలు వచ్చి, విషయం తెలిసి వెనక్కి పోయాయి. స్టెరాయిడ్ ట్యూబులు లెక్కలేనన్ని వాడింది. చివరికి వాళ్ళమ్మ విసుగెత్తి, ఎవరో చెప్పారని వెల్లుల్లి నూరి, నిమ్మరసం కలిపి, గుడ్డతో రాత్రంతా కట్టు కట్టింది. పొద్దునకు తొడ మీద బొబ్బలు, కాలిన పుండు. చర్మవ్యాధుల డాక్టరు ముందు ఆ పుండు మాన్పి, తర్వాత పొలుసు గీకి మా ల్యాబుకు పంపారు. పెంచి చూస్తే టెర్బినఫిన్‌కు లొంగనిది. ఇట్రాకొనజోల్ మీద, స్టెరాయిడ్లన్నీ మానిపించి, ఇంట్లో మిగతావాళ్ళకు కూడా వైద్యం చేసి, రెండు నెలలు పైగా పట్టింది తగ్గడానికి.

తగ్గాక రిపోర్టు కోసం వచ్చినప్పుడు ఆ తల్లి నన్నొక మాట అడిగింది. "మేడమ్‌గారూ, వెల్లుల్లిలో అసలు మందే లేదంటారా?" లేదని నేను అనలేదు. ఎందుకంటే ఉంది. వెల్లుల్లి చితక్కొట్టినప్పుడు పుట్టే అల్లిసిన్ ప్రయోగశాల పళ్ళెంలో ఫంగస్‌ను చంపుతుంది. ఆ అల్లిసినే చర్మాన్నీ కాల్చింది. మందు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎంత ఉంది, ఎక్కడికి చేరుతుంది, దేనితో కలిసి ఏం చేస్తుంది అన్నవి ప్రశ్నలు.

మొక్కల్లో ఫంగస్ మందు ఉండడంలో ఆశ్చర్యం లేదు. మనది వరి పండించే సీమ. అగ్గితెగులు, పొడతెగులు తెలియని రైతు ఈ సభలో లేరు. రెండూ ఫంగస్‌లే. మొక్కలకు వచ్చే తెగుళ్ళలో ఎక్కువ వీటివల్లే. కోట్ల ఏళ్ళుగా మొక్క కదలకుండా ఒకేచోట నిలబడి ఈ శత్రువుతో పోరాడుతోంది. పారిపోలేదు కాబట్టి రసాయనాలు తయారుచేసుకుంది. లవంగంలో యూజినాల్, వాములో థైమాల్ (పచారీ కొట్టులో వాముపువ్వు అని అమ్మే తెల్లటి స్ఫటికాలు అవే), దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, పసుపులో కర్క్యుమిన్, మానుపసుపులో బెర్బెరిన్. మన పెద్దవాళ్ళు ఊరగాయలో, పొడుల్లో వేసినవాటిలో సగం ఇవే. రుచికే వేశారో, బూజు పట్టకుండా వేశారో మనకు తెలియదు, రెండూ జరిగాయి.

తామరకు మెట్టతామర ఆకు పసరు రాయడం మన ప్రాంతంలో పాత వైద్యం. సీమ అవిసె అని కూడా అంటారు, పసుపుపచ్చ పూలు కొవ్వొత్తుల్లా నిలబడి ఉంటాయి. ఆ చెట్టును తామర పొద అనే అర్థం వచ్చే పేర్లతో చాలా దేశాల్లో పిలుస్తారు.

ఇక మొక్క సరుకు ఆసుపత్రి మందుగా మారి, రెండు కలిసి పనిచేసిన పాత ఉదాహరణ మీ అందరి ఇళ్ళలోకీ వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో డబ్బాలోంచి కాగితం మీద వేసి ఇచ్చే విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్. ఆర్థర్ విట్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయ చర్మవైద్యుడు వందేళ్ళ కిందట పెట్టిన పాళ్ళు: 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం శాలిసిలిక్ ఆమ్లం. బెంజోయిక్ ఆమ్లాన్ని మొదట తీసింది సాంబ్రాణి నుంచి, సుమత్రా వైపు నుంచి వచ్చే బెంజోయిన్ బంక నుంచి. శాలిసిలిక్ అనే పేరు విల్లో చెట్టు లాటిన్ పేరు నుంచి వచ్చింది. ఇప్పుడు రెండూ ఫ్యాక్టరీలోనే తయారవుతాయనుకోండి. ఇందులో తెలివి ఏమిటంటే, శాలిసిలిక్ ఆమ్లం పైన గట్టిపడిన చర్మపు పొరను వదులు చేస్తుంది, బెంజోయిక్ ఆమ్లం ఆ సందులోంచి లోపలికి పోయి ఫంగస్ పెరగకుండా ఆపుతుంది. ఒకటి దారి చేస్తే ఇంకొకటి పని చేస్తుంది. మంట పుడుతుంది, జిడ్డుగా ఉంటుంది, ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో దానికి చోటు దొరికింది.

ఇప్పుడు ల్యాబుల్లో జరుగుతున్నది చూద్దాం. రైతు సోదరులు పురుగుమందుల కొట్టులో అడిగే ప్రశ్నే ఇక్కడా మొదటి ప్రశ్న: "ఈ రెండూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టొచ్చా?" కొన్ని కలిస్తే బలం పెరుగుతుంది. కొన్ని కలిస్తే విరిగిపోతాయి. కొన్ని కలిసినా ఎవరి పని వారిదే. దీన్ని తేల్చడానికి మేము వాడేది 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక, 8 వరసలు, 12 నిలువులు. అడ్డంగా వెళ్ళేకొద్దీ మాత్రలోని మందు మోతాదు సగం సగం తగ్గిస్తూ పోతాం. నిలువుగా వెళ్ళేకొద్దీ మొక్క పదార్థం సగం సగం తగ్గిస్తాం. ప్రతి గుంటలో ఒకే లెక్కన ఫంగస్ వేసి ఒకటి రెండు రోజులు ఉంచుతాం. చదరంగం బల్ల లాగా ఉంటుంది, ఇంగ్లీషులో ఆ పద్ధతి పేరూ అదే అర్థం. ఏ గుంటలో నీళ్ళు తేటగా ఉన్నాయో అక్కడ ఫంగస్ పెరగలేదన్నమాట.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు చెబుతాను. మాత్ర మందు ఒక్కటే అయితే 64 పాళ్ళు కావాలి. మొక్క పదార్థం ఒక్కటే అయితే 256 పాళ్ళు. రెండూ కలిపినప్పుడు 8, 64 చాలాయి. 8ని 64తో భాగిస్తే 0.125. 64ని 256తో భాగిస్తే 0.25. కూడితే 0.375. ఈ మొత్తం 0.5 గాని, అంతకు తక్కువ గాని వస్తే ఒకదానికొకటి బలమిచ్చాయని అంటాం. 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొట్టాయని. ఆ మధ్యలో ఏం వచ్చినా చెప్పుకోదగ్గ సంబంధం లేనట్టే. మా లెక్కల మాస్టారు ముందు వరసలో ఉన్నారు, కూడిక సరిపోయిందని తల ఊపారు కాబట్టి ధైర్యంగా ముందుకు పోతున్నాను.

ఈ పలకల మీద వచ్చిన ఫలితాలు నిజంగా ఆశ పెట్టేవే. చైనాలో 2006లో ప్రచురించిన పనిలో, ఫ్లుకొనజోల్‌కు లొంగని కాండిడా మీద బెర్బెరిన్ కలపగానే ఫ్లుకొనజోల్ మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంది. ఢిల్లీలో జామియా మిలియా ఇస్లామియా వాళ్ళు 2010లో యూజినాల్‌ను ఫ్లుకొనజోల్‌తో కలిపి ఆసుపత్రి రోగుల నుంచి తీసిన కాండిడా మీద ఇదే మాదిరి బలం చూపించారు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వాళ్ళది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, ఎందుకంటే వాళ్ళు కారణం కూడా వెతికారు. మందుకు లొంగని ఈస్ట్ కణాలు చాలాసార్లు చేసే పని ఏమిటంటే, లోపలికొచ్చిన మందును బయటికి తోడెయ్యడం. చెరువు ఎండగట్టేటప్పుడు ఇంజను పెట్టి నీళ్ళు తోడినట్టు, కణం పొరలో ఉన్న పంపులు రాత్రీపగలూ తోడుతుంటాయి. కర్క్యుమిన్ ఆ పంపుకు అడ్డుపడుతుందని 2009లో చూపించారు. ఇంజను ఆగితే మందు లోపలే ఉంటుంది, పాత మాత్రే మళ్ళీ పనిచేస్తుంది.

యూజినాల్, థైమాల్ దారి వేరు. ఇవి నూనె స్వభావం ఉన్నవి కాబట్టి కణం పొరలోకి దూరి దాన్ని వదులు చేస్తాయి. ఎర్గోస్టెరాల్ సరిగా తయారు కాకుండా ఫ్లుకొనజోల్ ఒకవైపు అడ్డుకుంటుంటే, అసలే బలహీనమైన గోడను ఇవి రెండోవైపు నుంచి కుదుపుతాయి. అంటే ఫంగస్ ఒక్క మార్పుతో తప్పించుకోలేదు, రెండు మార్పులు ఒకేసారి కావాలి. క్షయకు మూడు నాలుగు మందులు కలిపి ఇవ్వడంలో ఉన్న ఆలోచన ఇదే. ఫంగస్ జబ్బుల్లోనూ కలపడం ప్రాణాలు నిలబెట్టిన సందర్భం ఉంది: మెదడు పొరలకు వచ్చే క్రిప్టోకాకస్ జబ్బులో యాంఫోటెరిసిన్ ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఫ్లుసైటోసిన్ కలిపి ఇచ్చినప్పుడు మరణాలు తగ్గాయని వియత్నాంలో 299 మంది మీద జరిగిన పరీక్ష 2013లో తేల్చింది. అవి రెండూ ఆసుపత్రి మందులే, మొక్కవి కావు. కలయిక అనే సూత్రం మాత్రం గట్టిదని అది చూపించింది.

ఇంతవరకు విని "అయితే ఇంకేం, రాత్రి పాలలో పసుపు, పొద్దున మాత్ర" అనుకునేవాళ్ళుంటారు. అక్కడే ఆగాలి. మనం వాడే పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. అది నీటిలో కరగదు, పేగులోంచి రక్తంలోకి చేరేది అతి కొద్ది, చేరినదాన్ని కాలేయం వెంటనే విరిచేస్తుంది. పలకలో ఇంజనును ఆపిన మోతాదు రక్తంలో రాదు. పాలలో పసుపు తాగండి, నేనూ తాగుతాను, కానీ దాన్ని మందు లెక్కలో వెయ్యకండి.

మరి పసుపు క్యాప్సూల్స్? రక్తంలోకి ఎక్కువ చేరేలా వాటిలో కొన్నిటికి మిరియాల్లోని పిపెరిన్ కలుపుతారు. పిపెరిన్ మందులను విరిచే కాలేయపు ఎంజైములను నెమ్మదింపజేస్తుంది. పసుపుకే కాదు, మీరు వేసుకునే ఇతర మందులకూ అది జరగవచ్చు. బీపీకీ, గుండెకూ, కొలెస్టరాల్‌కూ మాత్రలు వేసుకునే వయసు మనది. ఇట్రాకొనజోల్ కూడా అవే ఎంజైములకు అడ్డుపడే మందు. మీద నుంచి ఇంకొకటి చేరితే ఏ మాత్ర రక్తంలో ఎంత పెరుగుతుందో చెప్పడం కష్టం. అమెరికాలో పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, కొన్నిటిలో పిపెరిన్ కలిసి ఉంది. టెర్బినఫిన్, ఇట్రాకొనజోల్ కూడా అప్పుడప్పుడు కాలేయాన్ని ఇబ్బంది పెట్టేవే. ఇంకొక సంగతి, చాలామందికి డాక్టరు కూడా చెప్పడం మరచిపోయేది: ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళకు అది సరిగా పట్టదు. తామర తగ్గడం లేదంటే ఫంగస్ మొండిదనే అనుకోనక్కర్లేదు, గ్యాస్ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పారా లేదా చూసుకోండి.

అదే పిపెరిన్‌ను పద్ధతిగా వాడితే ఏమవుతుందో కూడా మన దేశమే చూపించింది. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ, అహ్మదాబాదులోని ఒక కంపెనీ కలిసి క్షయకు తయారుచేసిన మాత్ర 2009లో వచ్చింది. మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్‌ను 200కు తగ్గించి, 10 మిల్లీగ్రాముల పిపెరిన్ కలిపారు. ఆ పది మిల్లీగ్రాములు ఎంత, ఎలాంటిది, రక్తంలో రిఫాంపిసిన్ ఎంతకు చేరుతుంది అన్నవి కొలిచి, మనుషుల మీద పరీక్షించి, అనుమతి తెచ్చుకున్నారు. మొక్కనూ మాత్రనూ కలపడమంటే నా దృష్టిలో ఇదీ. ఆ తల్లి కట్టిన వెల్లుల్లి కట్టుకూ దీనికీ ఉన్న తేడా నమ్మకంలో లేదు, కొలతలో ఉంది.

ఫంగస్ విషయంలో మనం ఇంకా ఆ మెట్టుకు చేరలేదు. పలకల మీద చేసిన పనులు కుప్పలుగా ఉన్నాయి, మనుషుల మీద చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఉన్నవాటిలోనూ లోపాలు. 1999లో ప్రచురితమైన ఒక పరీక్ష తరచుగా చెబుతుంటారు. పుచ్చిన కాలిగోళ్ళకు బ్యుటెనఫిన్ అనే మందు 2 శాతం, ఆస్ట్రేలియా టీ ట్రీ నూనె 5 శాతం కలిపిన క్రీము. 60 మంది రోగులు. 40 మందికి ఈ క్రీము, 20 మందికి బ్యుటెనఫిన్ లేనిది. 16 వారాల తర్వాత మొదటి గుంపులో 80 శాతానికి నయమైంది, రెండో గుంపులో ఒక్కరికీ కాలేదు. వినగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ బ్యుటెనఫిన్ ఒక్కటే వాడిన గుంపు ఏది? లేదు. కాబట్టి ఆ 80 శాతంలో నూనె వాటా ఎంతో, అసలు ఉందో లేదో చెప్పలేం. తొమ్మిదో తరగతి సైన్సు ప్రాజెక్టులో మా టీచరుగారు ఇలాంటిదానికి సున్నా వేసేవారు.

నా అంచనా అడిగితే, మొదట ఫలించేది చర్మం మీదా, గోళ్ళ మీదా, నోటిలో కట్టుడు పళ్ళ కిందా వచ్చే ఫంగస్ మీద. రక్తంలోకి చేరని పదార్థానికి ఇక్కడ ఇబ్బంది లేదు, ఉన్నచోటే పూస్తాం. థైమాల్‌నో, యూజినాల్‌నో చర్మం కాలనంత తక్కువ మోతాదులో, తెలిసిన ఫంగస్ మందుతో ఒకే క్రీములో ఇవ్వవచ్చు. రక్తంలో పాకిన కాండిడా ఆరిస్ లాంటిదానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అతి ప్రమాదకరమైన నాలుగింటిలో ఒకటిగా చేర్చినదానికి, మొక్క పదార్థంతో జంట మందు రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. అలాంటి రోగిని ఐసీయూలోంచి పసరు వైద్యానికి తీసుకుపోతామనే బంధువులను నేను చూశాను, అది వద్దు.

క్రీము పరీక్షకు మాత్రం పెద్ద హంగులు అక్కర్లేదు. మూడు గుంపులు కావాలి: మందు ఒక్కటే, మొక్క పదార్థం ఒక్కటే, రెండూ కలిపి. పొలుసు గీకి ఫంగస్ ఏ రకమో, దేనికి లొంగుతుందో ముందే చూసుకోవాలి. ఇంట్లో అందరికీ వైద్యం చెయ్యాలి. తగ్గాక కనీసం రెండు మూడు నెలలు చూడాలి, ఎందుకంటే తామర అసలు రంగు బయటపడేది అప్పుడే. ఇవాళ రోగులకు కొదవ లేదు, తడిలో పనిచేసే ఆడవాళ్ళు మన జిల్లాలోనే కావలసినంత మంది ఉన్నారు. అయినా కంపెనీలు ముందుకు రావడం తక్కువ, వాముపువ్వు మీద పేటెంటు ఎవరికిస్తారు? ప్రభుత్వ కాలేజీలే చెయ్యాలి. చర్మవ్యాధుల విభాగం, మైక్రోబయాలజీ విభాగం, ఫార్మసీ కాలేజీ కలిసి కూర్చుంటే చాలు. మన సంఘంలో ఈ మూడు చోట్లా పనిచేసేవాళ్ళున్నారని నిన్న పరిచయాల్లో విన్నాను. వాళ్ళు ముగ్గురూ ఈ మధ్యాహ్నం భోజనాల్లో ఒకే బల్ల దగ్గర కూర్చునేలా చూడమని కార్యదర్శిగారిని అడిగాను, చూస్తామన్నారు.